తర్వాతగారి అప్‌గ్రేడు

కంప్యూటరు తెరమీద "కొత్త సిస్టమ్ సిద్ధంగా ఉంది, ఇప్పుడు వేయమంటారా, తర్వాతా?" అని ప్రశ్న వస్తే ఎవరైనా కాసేపు ఆలోచిస్తారు. ఆయన ఆలోచించేవాడు కాదు. పొద్దున్నే ఆఫీసుకొచ్చి, తడిసిన గొడుగు మూలకి ఆనించి, కళ్ళజోడు తుడుచుకుని, కుర్చీలో కూడా కూర్చోకుండా, నిలబడే "తర్వాత" అన్నదాని మీద నొక్కేసేవాడు. అలా ఏళ్ళ తరబడి నొక్కీ నొక్కీ సొంత పేరు పోగొట్టుకున్నాడు. ఎదుటా చాటునా అందరూ "తర్వాతగారు" అనే అనేవారు. విచిత్రమేమిటంటే ఆయన పలికేవాడు కూడా.

అది చూపులేనివాళ్ళ కోసం బ్రెయిలీ పుస్తకాలు తయారుచేసే ప్రెస్సు. ప్రెస్సంటే ఏదో అనుకునేరు! ఓ పెద్ద భవనం వెనకభాగాన ఎండ మొహం ఎరగని రెండు గదులు. గోడల నిండా చెమ్మ. లైటు వేస్తే గది ఇంకా దిగులుగా కనిపించేది. ఒక గదిలో యంత్రం దళసరి కాగితాల మీద చుక్కలు పొడుస్తుండేది. రెండో గదిలో తర్వాతగారి బల్ల, దాని పక్కనే ప్రూఫులావిడ బల్ల. ఆయన టైపు చేసిన పుస్తకాన్ని యంత్రం చుక్కలుగా మారిస్తే ఆవిడ వేళ్ళతో తడిమి తప్పులు పట్టేది. ఆవిడకి పుట్టుకతోనే చూపు లేదు. ఎడమచేత్తో కాగితం చదువుతూ, కుడిచేత్తో మీటలు నొక్కుతూ, మధ్యలో చెవికి తగిలించుకున్న హెడ్‌ఫోనులో కంప్యూటరు చెప్పేది వింటూ ఉండేది. ఆ కంప్యూటర్లో మాట్లాడే ప్రోగ్రాం ఎంత పాతదంటే, దాని గొంతు ఏడాది పొడుగునా జలుబు చేసినట్టే ఉండేది.

ఇద్దరి కంప్యూటర్లూ ఒకదానికొకటి ముడిపడి ఉండేవి. ఒకదాని సిస్టమ్ మారిస్తే రెండోదీ మార్చాల్సిందే. అందుకని తర్వాతగారు ఆవిడ కంటే ముందే వచ్చి, తన దాంట్లో నొక్కాక, ఆవిడ దాంట్లోనూ నొక్కేసి, ఏమీ ఎరగనట్టు కూర్చునేవాడు.

ఈ గొడవంతా ఎక్కువగా అనుభవించింది కంప్యూటర్లు బాగుచేసే అమ్మాయి. పాపం, వచ్చినప్పుడల్లా అడిగేది.

"బాబాయిగారూ, ఇవాళైనా కొత్త సిస్టమ్ వేసేద్దామా?"

"వాన పడుతోందమ్మాయ్."

"వానకీ దీనికీ ఏం సంబంధమండీ?"

"చెమ్మలో కొత్తది పట్టదు. గోడకి సున్నం వేసినా అంతే."

మరోసారి ఎండ చూసుకుని మరీ వచ్చింది. "ఎండలో పాతదే వేడెక్కిపోతోంది, దాని నెత్తిన కొత్తది కూడానా?" అన్నాడు. సరే కదా అని మబ్బు పట్టిన రోజు వస్తే, కిటికీలోంచి ఆకాశాన్ని ఎగాదిగా చూసి, "అబ్బే, ఎటూ తేలని రోజమ్మా ఇది, అస్సలు పనికిరాదు" అన్నాడు. ఇంక ఏ వాతావరణంలో రావాలో ఆ అమ్మాయికి తెలియలేదు.

పోనీ ఆ విషయం మరిచిపోయి హాయిగా ఉంటాడా అంటే, అదీ లేదు. తెలిసినవాళ్ళెవరైనా కొత్త సిస్టమ్ వేయించుకున్నారని చెవిన పడితే చాలు, పరామర్శకి బయల్దేరేవాడు. ఓసారి ఫొటో స్టూడియో అతని దగ్గరికి వెళ్ళి, పక్కన కూర్చుని, భుజం మీద చెయ్యి వేసి, లోగొంతుకతో "ఎలా జరిగింది?" అన్నాడు.

"ఏం జరగడమండీ? పొద్దున వేశారు. సాయంత్రం నుంచి స్కానరు పలకడం లేదు."

"ప్చ్. అంతకుముందు బాగానే ఉండేదా?"

"నిక్షేపంలా ఉండేది."

"అంతేనయ్యా. మన చేతుల్లో ఏముంది!" అని నిట్టూర్చి, "కొత్తది మాట్లాడుతుందా?" అని అడిగాడు.

"మాట్లాడ్డమేమిటండీ? మావి ఫొటోలు. చూస్తాం గాని వింటామా?"

మరోసారి పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళాడు. ఈయన మొహంలో దిగులు చూసి ఆ డాక్టరు పంటినొప్పి అనుకున్నాడు. కుర్చీలో పడుకోబెట్టి నోరు తెరవమన్నాడు. ఇంకేముంది, ఆ పైన ఈయనకి మాట్లాడే అవకాశమే రాలేదు. బుగ్గలో దూది పెట్టుకుని ఆఫీసుకొచ్చి, "చూశారా? అప్‌గ్రేడు జోలికి వెళ్తే నా పన్ను పోయింది" అని కనపడినవాళ్ళందరికీ చెప్పాడు.

ఇలా నవ్వుకుంటూ ఉండగానే నవ్వు ఆగిపోయే రోజు వచ్చింది. పాత సిస్టమ్ ఉన్న కంప్యూటర్లకి నెట్‌వర్కు ఆపేస్తామని పై ఆఫీసు నుంచి ఉత్తరువు వచ్చింది. అచ్చు వేయాల్సిన పుస్తకాలన్నీ ఆ నెట్‌వర్కు మీదే వచ్చేవి. మేనేజరు మాటకి ముందో నిట్టూర్పూ వెనకో నిట్టూర్పూ పెట్టి మాట్లాడే మనిషి. కంప్యూటర్ల అమ్మాయిని వరండాలోకి పిలిచాడు.

"ప్రూఫులావిడ వాడే పాత మాటల ప్రోగ్రాం కొత్త సిస్టమ్‌లో పనిచెయ్యదటగా?"

"చెయ్యదండీ. కొత్తదాంట్లో వేరేది ఉంది. గొంతు వేరు, నొక్కాల్సిన మీటలు వేరు. మొదట్నించీ నేర్చుకోవాలి."

"ఈ వయసులో ఎక్కడ నేర్చుకుంటుందమ్మా? ఆవిణ్ణి ఇంటికి పంపించి, ప్రూఫులు బయట చేయించమని పైనుంచి ఒకటే గొడవ. సోమవారం కొత్త సిస్టమ్ మీద ఆవిడచేత నా ఎదుట ఒక పేజీ దిద్దించండి. దిద్దిందా, పైవాళ్ళతో నేను పోట్లాడతాను. లేకపోతే నా చేతుల్లో లేదు."

అది శుక్రవారం. అమ్మాయికి ఒళ్ళు మండిపోయింది. ఈ తర్వాతగారు ఎప్పుడో ఒప్పుకుని ఉంటే ఆవిడ నింపాదిగా నేర్చుకునేది కదా! ఈయన మొండితనం ఒక మనిషి నోటి దగ్గర కూడు తీసేసేలా ఉంది. తిన్నగా వెళ్ళి ఆ ముక్కే మొహం మీద అనేసింది. ఆయన మొహం పాలిపోయింది. పట్టపగలు గొడుగు తీసుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. పక్కగదిలో యంత్రం దగ్గరున్న ప్రూఫులావిడకి ఈ మాటలేవీ వినపడలేదు. మేనేజరు మాట ఆవిడకి చెప్పడానికి నోరు రాక అమ్మాయి కూడా వెళ్ళిపోయింది.

రెండు రోజులు ఆ అమ్మాయికి అన్నం సయించలేదు. ఆదివారం పొద్దున, ఇవాళ ఈయన సంగతి తేల్చేయాలని ఇంటికే వెళ్ళింది. ఇరుకు మెట్లెక్కి తలుపు తడితే ఆయన భార్య తీసింది.

"కంప్యూటర్ల అమ్మాయివి నువ్వేనా తల్లీ? వేళకొచ్చావు. లోపలికొచ్చి నీ కళ్ళతో చూడు, నేను చెబితే ఎవరూ నమ్మరు. ఎన్నాళ్ళనించో ఇదే వరస. అది ఏదో అంటుంది, ఈయన దాన్ని తిడతారు. మళ్ళీ అది అదే అంటుంది. కాపురానికొచ్చినప్పటి నుంచీ నేను ఒక్కమాట రెండుసార్లు అంటే ఊరుకోని మనిషి!"

లోపల తర్వాతగారు కళ్ళకి తువ్వాలు గట్టిగా బిగించి కట్టుకుని, కొత్త ల్యాప్‌టాప్ ముందు వంగి కూర్చున్నాడు. తెర గోడవైపు తిప్పేసి ఉంది. లోపలి గొంతు మహా మర్యాదగా "మీరు ముద్రణ విభాగంలో లేరు" అంది.

"లేననే కదే ఏడుస్తున్నాను! ఎలా వెళ్ళాలో చెప్పి చావు!" అంటున్నాడు తర్వాతగారు.

"బాబాయిగారూ!"

ఆయన ఉలిక్కిపడి తువ్వాలు లాగేశాడు. దొంగతనం చేస్తూ దొరికినట్టు చూశాడు.

"ఏమిటండీ ఇది?"

"ఏముందమ్మాయ్. ఆవిడకి ఎవరో ఒకరు నేర్పాలిగా. చూసి నేర్చుకున్నవాడు ఏం చెబుతాడు? 'అదిగో, ఆ మూల బొమ్మ మీద నొక్కు' అంటాడు. ఆవిడకి ఏ మూల, ఏ బొమ్మ? అందుకని చూడకుండా నేర్చుకుంటున్నాను. ఉత్తరం రాయడం వచ్చింది. ఫైలు తెరవడం వచ్చింది. ఆ ముద్రణ దగ్గరే తప్పిపోతున్నాను. అదొక్కటీ వచ్చేస్తే నేనే నిన్ను పిలుద్దామనుకున్నాను."

"మరి ఆ మాట నాకు చెప్పొచ్చుగా! నేను నేర్పేదాన్నిగా!"

"నీకు చెబితే ఆవిడకి తెలుస్తుంది. పాత ప్రోగ్రాం పోతుందని తెలిస్తే బెంగ పెట్టుకుంటుంది. ఊరికే బెంగ పెట్టడం ఎందుకని…" ఆయన చేతిలోని తువ్వాలు మడతపెట్టి మళ్ళీ విప్పాడు. "ఇప్పుడు చూడు, నా చేతులతో నేనే ఆవిడ ఉద్యోగం ఊడగొట్టాను."

అమ్మాయికి పడీ పడీ నవ్వాలనీ అనిపించింది, కూర్చుని ఏడవాలనీ అనిపించింది. రెండూ కాదనుకుని ఫోను తీసి ప్రూఫులావిడకి జరిగింది జరిగినట్టు చెప్పేసింది. ఆయన వద్దు వద్దని చేతులడ్డం పెడుతూనే ఉన్నాడు.

ఆవిడ వచ్చింది. కర్ర చప్పుడు ఒక్కో మెట్టూ ఎక్కుతుంటే తర్వాతగారు ఒక్కో అడుగూ గోడకి జరిగాడు. ఆవిడ గుమ్మంలోనే ఆగింది.

"అన్నయ్యగారు ఉన్నారా?"

"ఉన్నానమ్మా."

"నా బల్ల మీది కంప్యూటరు నన్ను ప్రశ్న అడుగుతుంటే, ఇన్నాళ్ళూ మీరు జవాబు చెబుతూ వచ్చారా?"

"మరి… నువ్వు బెంగ పెట్టుకుంటావని…"

"నా బెంగ నేను పడతాను! అది పడడానికి కూడా మీరేనా? నేనేమైనా చంటిపిల్లనా? నన్ను ఒక్కమాట అడిగితే మీ సొమ్మేం పోయింది? రేపు సోమవారమే పరీక్షట. ఎవరి ప్రాణం మీదికి వచ్చిందండీ ఇది, మీకా, నాకా?"

ఆయన తల వంచుకున్నాడు. "తప్పయిపోయింది చెల్లెమ్మా" అన్నాడు. ఆవిడ కోపం న్యాయమైనదే మరి. మంచి మనసుతో చేసినా తప్పు తప్పేగా.

చివరికి ఆవిడే కర్ర గోడకి ఆనించి, కుర్చీ తడుముకుని కూర్చుంది. "సరే, ఏం నేర్చుకున్నారో చెప్పండి. ఏడుపు తర్వాత ఏడుద్దాం."

ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. అంత అధ్వాన్నపు పాఠం ఎక్కడా విని ఉండరు. మొదటి మీట చెప్పబోయి మూడో మీట చెప్పేవాడు, నాలిక్కరుచుకుని మళ్ళీ వెనక్కి వచ్చేవాడు. అయినా ఎక్కడెక్కడ తప్పిపోతారో మాత్రం బాగా తెలుసు, అన్నిచోట్లా తప్పిపోయినవాడు కదా! "ఇక్కడ తొందరపడకు, అది ఓ క్షణం ఆలోచిస్తుంది. ఇక్కడ ఏమీ అనదు, పాడైపోయిందనుకోకు." చూసేవాళ్ళకి తట్టని సంగతులన్నీ చెప్పాడు. ఆవిడ వింటూ వింటూ ముందుకి పోయింది. భోజనాలు కాకముందే ముద్రణ విభాగంలోకి వెళ్ళింది కూడా.

"ఎలా వెళ్ళావమ్మా?"

"మీరు వద్దన్న మీట నొక్కాను."

సాయంత్రానికి ఆవిడ ఆ గొంతు వేగం పెంచేసింది. అది ఏమంటోందో మిగతా ముగ్గురికీ ఒక్క ముక్క అర్థం కాలేదు. "పాత ప్రోగ్రాం ఆయన ముక్కుతో మాట్లాడేవాడు, ఈవిడ నయం. కాకపోతే మరీ మర్యాద ఎక్కువ" అంది.

సోమవారం పొద్దున అమ్మాయి రెండు కంప్యూటర్లలోని పాత డిస్కులూ ఊడదీసి భద్రంగా పక్కన పెట్టి, కొత్తవి బిగించి, వాటిమీద కొత్త సిస్టమ్ వేసింది. "ఏం తేడా వచ్చినా పాతది అలాగే ఉంది బాబాయిగారూ, మళ్ళీ తగిలించేస్తాను" అంది.

"ఇలా కూడా వేయొచ్చా?"

"ఎన్నిసార్లు చెప్పబోయానండీ! మీరు విననిస్తేగా!"

మేనేజరు నిట్టూరుస్తూ వచ్చి కూర్చున్నాడు. అప్పటికప్పుడు ఒక పేజీ టైపు చెయ్యమన్నాడు. తర్వాతగారి టైపులో మామూలుగా పేజీకి ఒకటి రెండు తప్పులకి మించి ఉండవు. ఆ రోజు మాత్రం కంగారులో ఆయన వేళ్ళు ఒక మీట బదులు పక్క మీట మీద పడ్డాయి. యంత్రం చుక్కలు పొడిచింది. ఆవిడ కాగితం అందుకుని ఎడమచెయ్యి ఆనించి, కుడిచెయ్యి మీటల మీద పెట్టింది.

"మొదటి వరసలోనే ఒక అక్షరం ఎగిరిపోయింది" అంది.

తర్వాతగారి మొహం విప్పారింది.

"రెండో వరసలో ఒకే మాట రెండుసార్లు పడింది. ఆ కిందది… ఇదసలు మాటే కాదు."

"కాదు, కాదు!" అన్నాడాయన సంబరంగా. మేనేజరు వైపు తిరిగి, "విన్నారా? అది మాటే కాదు!" అన్నాడు.

ఆవిడ పట్టుకుంటూ పోయింది. ఒక్కో తప్పు బయటపడుతుంటే ఆయన బిడ్డకి మార్కులొస్తున్న తండ్రిలా ఉబ్బిపోతున్నాడు. ఆఖరి వరసలో ఒక తప్పు ఆవిడ వేలికింద నుంచి దాటిపోయిందేమోనని కుర్చీ అంచుకి జరిగాడు. ఆవిడ వెనక్కి వచ్చి దాన్నీ పట్టేసరికి కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. అమ్మాయి కళ్ళు తుడుచుకుని అటు తిరిగిపోయింది.

ఆవిడ దిద్దిన పేజీని మేనేజరు తెరమీద కిందికీ పైకీ చూశాడు. ఈసారి ఆయన నిట్టూర్పు కాస్త తేలిగ్గా వచ్చింది. "సరేనమ్మా, ప్రూఫులు ఎక్కడికీ పోవు. పైవాళ్ళకి నేను చెబుతాను. కానీ ఒక్క పేజీలో ఇన్ని తప్పులు చేసిన ఈ మనిషిని ఏం చెయ్యమంటారు?"

"ఆయన్ని కదపకండి సార్" అంది ప్రూఫులావిడ, కాగితం మడుస్తూ. "ఆయన తప్పులు పట్టడం నాకు బాగా అలవాటు."