తుమ్మిపువ్వుకు తెర

రీలు కెమెరాల కాలం అది. పుంగనూరు దాటగానే మా మదనపల్లె బస్సు టైరు పంచరైంది. నా రీలులో ఒక్క ఫోటోనే మిగిలింది. చిన్న పూలను దగ్గరగా తీయాలని కెమెరా ముందు భూతద్దం బిగించి, పువ్వు ఎంత దూరంలో ఉండాలో నేనే లెక్కగట్టి, అంత పొడవు దారం కెమెరాకు కట్టుకున్నాను. అంతకుముందు కడిగించిన రీళ్లలో అన్నీ మసకే. తప్పు నా లెక్కదో గాలిదో తేలాలి.

రోడ్డు పక్కన తుమ్మిమొక్క కనిపించింది. మా పెరట్లో రోజూ పీకి పారేసేదే. బోర్లా పడుకుని దారం పట్టాను. పువ్వు ఊగుతూనే ఉంది.

“ఏమప్పా, ఆడ ఏం పారేసుకుంటివి?” అంది బస్సు దిగిన ఒక పెద్దామె.

“పువ్వుకు ఫోటో తీస్తాండానమ్మా. గాలి నిలవనీదు.”

“తుమ్మిపువ్వుకు ఫోటోనా!” అని పకపకా నవ్వి, సంచిలోంచి కొత్త దుప్పటి తీసింది. “కండక్టరప్పా, ఈ కొస పట్టు. పెండ్లికూతురికి తెర పట్టినట్టు పడదాం.”

“భోజనాలుండాయా మరి?” అంటూనే అతను పట్టాడు.

దుప్పటి చాటున పువ్వు నిలిచింది. ఊపిరి బిగబట్టి నొక్కాను.

“అయిందా? ఇంద, అక్షింతలు!” అని ఆమె తను తింటున్న బొరుగులు నా నెత్తిన చల్లింది. బస్సంతా చప్పట్లు.

ఫోటో కడిగించి చూస్తే పువ్వు పై రేకు మీది నూగు వెంట్రుక వెంట్రుకగా కనిపించింది. నా లెక్క సరిపోయింది.

ఇప్పటికీ పువ్వు దగ్గర కూర్చుంటే ముందు దూరం కొలుస్తాను. ఆ తర్వాత, పక్కన ఎవరైనా ఉన్నారేమోనని తలెత్తి చూస్తాను.