కంచుతాళాలకు చుట్టిన నూలు

మా అన్న గొంతెత్తితే ఖిలా దారిన పోయే బండ్లు ఆగేవని మా సాలెవాడలో చెప్పుకునేవారు. అది కొంచెం పెంచి చెప్పిన మాటే. కానీ శనివారం భజనలో మొదటి చరణం ఎప్పుడూ ఆయనదే, వెనక అందుకునేవాళ్లం మేము. పగలు మగ్గం, పొద్దుగూకినాక పురాణం, వారానికొక భజన. నాకు తెలిసిన చదువు అదే. యుద్ధం వల్ల నూలు దొరకని రోజుల్లో కూడా భజన ఆగలేదు.

అట్లాంటి ఒక ఏడు కార్తీకంలో ఏకాహం చేశాం. పగలూ రాత్రీ ఎడతెగకుండా పాడాం. మరునాడు అన్నకు దవడ పట్టేసింది.

"ఊరందరి పాట ఒక్కడే పాడితె పట్టదా మరి? ఇగ నాలుగొద్దులు ఇల్లు నిమ్మలంగుంటది" అని వదినె నవ్వింది.

"నీకు గదే గావాలె" అన్నాడు అన్న, పళ్ల సందుల్లోంచి.

ఏకాహం తరవాత దవడ నొప్పి మా భజనలో అందరూ ఎరిగినదే. వెచ్చటి ఆముదం రాసి గుడ్డ కట్టాం, గంజి పోశాం. మరునాటికి గంజి కూడా దిగలేదు. మెడ బిగిసింది, వీపు బిగిసింది. బండి కట్టి దవాఖానకు తీసుకుపోయాం.

డాక్టరు ముందు పాదాలు చూశాడు. మడమలో ఎండిన గాయం ఉంది. మగ్గం గుంతలో మేకు గుచ్చుకుంటే మన్ను అద్ది మరిచిపోయిన గాయం. "ధనుర్వాతం" అన్నాడు.

"కాలుకు తాకితె దవడెందుకు పట్టింది సాబ్?" అని అడిగాను.

"ఒళ్లంత నరాలు ఒక్కటే అల్లిక. కాలి నుంచి వెన్నుకు, వెన్ను నుంచి మెదడుకు, మళ్ల అక్కడి నుంచి కిందికి కబుర్లు నడుస్తనే ఉంటయి. చెయ్యి మడవాలంటే ఒక కండ బిగుస్తది. దాని ఎదురు కండకు వదులుమని హుకుం పోతది. ఈ విషం ఆ వదులుమనే హుకుంనే చంపుతది. ఇగ సప్పుడైనా, వెలుతురైనా, చెయ్యి తాకినా ఒళ్లంత ఒక్కసారే బిగుస్తది."

మగ్గం గుంతలో నా కాళ్ల కింది తొక్కుడు కర్రలు గుర్తుకొచ్చాయి. ఒకటి తొక్కితే సగం పోగులు లేస్తాయి, సగం దిగుతాయి, నడుమ అడ్డపోగు మోసుకుని నాడె పరుగెత్తుతుంది. రెండూ కలిపి తొక్కితే దారి తెరుచుకోదు, పోగులు తెగుతాయి. దేవుడు మనిషిని నేసినప్పుడు బిగింపుతో పాటు వదలడాన్ని కూడా పెట్టాడని నాకు ఆ రోజే తెలిసింది. అది ఆగిపోయిన రోజున.

"తెలివి ఉంటదా సాబ్?"

"పూర తెలివి ఉంటది. అంత తెలుస్తనే ఉంటది."

అన్నిటికన్నా నన్ను భయపెట్టింది ఆ మాటే.

ఉన్న మందు సూదితో ఇచ్చాడు. వార్డులో సద్దు ఎక్కువ, ఇంట్లో చీకటి అర్రలో పడుకోబెట్టండి, నేనే వచ్చి చూస్తానన్నాడు. ఎవరూ అడగకముందే వాడలో మగ్గాలు ఆగాయి. స్టేషను వైపు నుంచి వచ్చే రైలు కూతను మాత్రం ఎవరూ ఆపలేకపోయారు. కూత వినబడినప్పుడల్లా లోపల చాప కిర్రుమనేది.

పోయేవాడి చెవిలో దేవుని పేరు పడాలి. అది వింటూ పోయినవాణ్ణి యముడు ముట్టడు. మా ఇంటి నమ్మకం అది, ఇప్పటికీ నాది. అన్న ఎన్నోసార్లు అనేవాడు: "తమ్మీ, నువ్వే చెప్పాలె. గట్టిగ చెప్పు. తాళాలు కొట్టి కొట్టి నా చెవులు మొద్దుబారినయి."

శనివారం భజనవాళ్లు తాళాలతో వచ్చారు. ముందు తాత ఉన్నాడు. మాకు పాటలు నేర్పిన పెద్దాయన. నేను గడపకు అడ్డం నిలబడ్డాను.

"తాతా, సప్పుడు చేస్తె పాణం పోతది."

"దేవుని పేరుతోని పాణం పోతదా? ఎవడు చెప్పిండ్రా నీకు? జర జరుగు."

ఒక్కసారి తాళం కొట్టాడు.

లోపల అన్న విల్లులా వంగాడు. తల, మడమలు తప్ప ఒళ్లంతా చాప నుంచి లేచింది. ఊపిరి ఆగింది. వదినె తన నోరు తానే గట్టిగా మూసుకుంది. ఎంతోసేపటికి గానీ ఒళ్లు చాప మీదికి దిగలేదు. కళ్లు మాత్రం తెరిచే ఉన్నాయి, మా వైపే.

తాత అరుగు మీద కూలబడ్డాడు. కాసేపటికి లేచి, నా మగ్గం దగ్గరి నూలు తీసి తాళాలకు చుట్టసాగాడు. రెండు బిళ్లలూ పత్తికాయల్లా అయ్యేదాకా చుట్టాడు. మిగిలినవాళ్లూ అట్లాగే చేశారు. అందరూ వాకిట్లో కూర్చుని పెదవులు కదిపారు, చేతులు ఆడించారు. సద్దు లేదు. నేను అంతగా ఎన్నడూ మొక్కలేదు. స్వామీ, ఆ ఒక్క హుకుం తిరిగి ఇయ్యమని అడిగాను.

మధ్యాహ్నానికి ఊపిరి సన్నబడింది. చెవిలో చెప్పాల్సిన గడియ అదేనని తెలుస్తోంది. చెబితే ఆ సద్దే చంపుతుంది. చెప్పకపోతే వినకుండానే పోతాడు. తలుపు సందులోంచి పడే వెలుగులోకి నా ముఖం పెట్టి, గొంతు లేకుండా పెదవులతో పేరు పలికాను. మళ్లీ పలికాను. అన్న కళ్లు నా పెదవుల మీద నిలిచాయి.

అప్పుడు రైలు కూసింది. అన్న వంగాడు. ఊపిరి మళ్లీ రాలేదు. కాసేపటికి ఒళ్లు దానంతటదే వదులైంది, చెయ్యి చాప మీద తెరుచుకుంది.

నా పెదవుల మీదనే ఆయన ఆ పేరు విన్నాడని నమ్ముతాను. ఆ నమ్మకం లేకుంటే నేను ఇన్నేళ్లు భజనలో కూర్చోగలిగేవాణ్ణి కాదు.

అప్పుడు అన్న చెవికి నోరు ఆనించి ఆ పేరు గట్టిగా అరిచాను. వాకిట్లో తాత నూలు విప్పాడు. తాళాలన్నీ ఒక్కసారిగా మోగాయి. నేను అన్న చేతినే చూస్తూ కూర్చున్నాను. ఒక్క వేలు కూడా కదలలేదు.