గుప్పెడు సంచి, సానరాయి

ఆ రోజుల్లో నేను ఏదీ రాయలేదంటే తీరిక లేక కాదు, అక్షరాలు రాక. మా ఊళ్ళో బడి ఉండేది. కానీ నేను బడికెళ్ళాల్సిన వయసులో నా చంకలో ఎప్పుడూ ఓ తమ్ముడో చెల్లెలో ఉండేవాళ్ళు. ఒకళ్ళు దిగేసరికి ఇంకొకళ్ళు తయారు. (మా నాన్న ఆ ఒక్క విషయంలో చాలా కష్టజీవి.) మేనబావనే చేసుకున్నాను కాబట్టి పెళ్ళిచూపుల్లో చదువు సంగతి ఎవరూ ఎత్తలేదు. అమెరికా వచ్చాక మా ఆయన తనే నేర్పిస్తానని కూర్చున్నాడు. పాఠం అ దగ్గర మొదలై పప్పులో ఉప్పు దగ్గర ముగిసేది. చివరికి అరవై దగ్గర పడ్డాక, గుడి హాల్లో జరిగే తెలుగు క్లాసుకి మనవరాలిని తీసుకెళ్ళి, వెనక బల్ల మీద కూర్చుని నేర్చుకున్నాను. మనవరాలికి ఇప్పటికీ ణ పలకదు. నాకు మాత్రం అన్నీ వచ్చాయి, ఆ ఊపులో ఇంగ్లిష్ అక్షరాలు కూడా. వచ్చాయి కాబట్టే ముందుగా నా సంచి కథ రాసుకుంటున్నాను.

ఎనభైల మొదట్లో మేం వాషింగ్టన్ పక్కన హెర్న్‌డన్‌లో ఉండేవాళ్ళం. నా చంకలో అందరికంటే ఎక్కువ కాలం ఉన్న చెల్లెలు అప్పుడు ఫిలడెల్ఫియాలో నెలలు నిండి ఉంది. దాని మొగుడు డాక్టరు. ఊళ్ళో అందరి నొప్పులకీ వెళ్తాడు గానీ ఇంటికి ఎప్పుడొస్తాడో ఆయనకే తెలియదు. "అక్కా, నువ్వు తొందరగా రా, భయంగా ఉంది" అని ఫోన్లో ఏడ్చింది. మా ఆయనకి శనివారం దాకా సెలవు లేదు. నేను బస్సులో వెళ్తానన్నాను.

"బోర్డు చదవలేవు, బాల్టిమోర్‌లో బస్సు మారాలి. ఎలా వెళ్తావే?"

"నోరుంది కదా బావా."

"నీ నోటికి ఇంగ్లిష్ రాదు కదే."

చాలాసేపు వాదించుకున్నాక ఓ షరతు పెట్టాడు. సామాను మొత్తం వీపున వేసుకుని, రెండు చేతులూ ఖాళీగా ఉంచుకుని, ఎవరి సాయమూ లేకుండా వెళ్ళగలనంటేనే బస్సు. లేకపోతే నోరు మూసుకుని శనివారం దాకా ఆగడం. చెల్లెలి నొప్పులు శనివారం దాకా ఆగుతాయో లేదో ఆయన అడగలేదు.

సామానంటే బాలింత సరంజామా. కాయం సీసా, వెల్లుల్లి కారం, శొంఠి, వాము, నెయ్యి, సాంబ్రాణి, వసకొమ్ము, దాన్ని అరగదీయడానికి సానరాయి. ఆ రాయి మా అమ్మమ్మది. మా ఇంట్లో పుట్టినవాళ్ళందరం దాని మీద అరగదీసిన వస నాకినవాళ్ళమే. (వస నాకిస్తే మాటలు బాగా వస్తాయంటారు. నాకు కాస్త ఎక్కువే నాకించినట్టున్నారు.)

ఆదివారాలు మా ఇంటికి పెసరట్లకి వచ్చే స్నేహితుడొకాయన ఉండేవాడు. జేబులో ఎప్పుడూ టేపు ఉంటుందని నేను కొలతలాయన అని పేరు పెట్టాను. సంచి కొనాలనగానే టేపు తీశాడు. నా వీపు కొలవడం మర్యాద కాదని మా ఆయన వీపు కొలిచి, అందులోంచి కొంత తగ్గించాడు. ముగ్గురం కొండలెక్కేవాళ్ళ దుకాణానికి వెళ్ళాం. అక్కడ ఆయన ఏరికోరి ఓ అల్యూమినియం చట్రం ఉన్న సంచిని నాకు తగిలించాడు. వీపున నిచ్చెన కట్టినట్టుంది. నడుముకో బెల్టు, గుండెకో బెల్టు. బెల్టు బిగించగానే కుచ్చిళ్ళు సగం పైకీ సగం కిందికీ పోయాయి.

"చూశావా చెల్లెమ్మా, బరువంతా నడుం మీదకి దిగుతుంది."

"అన్నయ్యగారూ, బరువు దిగేలోపల చీర దిగేలా ఉంది."

దాన్ని విప్పించుకుని తిరుగుతుంటే, డబ్బులు కట్టేచోట ఓ బుట్టలో గుప్పెడంత పర్సులు కనిపించాయి. చిల్లరకి బాగుంటుందని ఒకటి తీసి జిప్పు లాగాను. లోపల్నించి గుడ్డ వస్తోంది, వస్తోంది, ఇంకా వస్తోంది. దాని కడుపులోంచి అదే బయటికొచ్చి పట్టీలతో సహా పెద్ద సంచి అయి కూర్చుంది. ఊదితే ఎగిరిపోయే నైలాను. దుకాణంలో అమ్మాయి నవ్వి, మళ్ళీ దాన్ని దాని జేబులోకే కుక్కి చూపించింది. నా మనసు కూడా అందులోకే పోయింది.

"ఇది సంచా, జేబురుమాలా? బాల్టిమోర్ దాకా కూడా రాదు" అన్నాడు కొలతలాయన.

మా ఊళ్ళో కుండ కొనేవాళ్ళు నీళ్ళు పోసి చూస్తారు, చేట కొనేవాళ్ళు చెరిగి చూస్తారు. నేనూ ఊరికే రాలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గుడ్డసంచిలోంచి సీసాలూ, డబ్బాలూ, ఆఖర్న సానరాయీ తీసి ఒక్కొక్కటే ఆ నైలాను సంచిలో సర్దాను. అమ్మాయి కళ్ళు పెద్దవి చేసుకుని రాయిని చూసింది. మా ఆయన నేనెవరో తెలియనట్టు బూట్లు చూడసాగాడు. సంచి తగిలించుకుని, అక్కడ వేసిన డేరా చుట్టూ ప్రదక్షిణ చేసి, నాలుగు గెంతులు కూడా గెంతాను. కుట్టు ఒక్కటి కదల్లేదు. అమ్మాయి చప్పట్లు కొట్టింది.

మర్నాడు మా ఆయన నన్ను వాషింగ్టన్‌లో బస్సెక్కించాడు. "గుర్తుందిగా, ఎవరి సాయమూ వద్దు" అన్నాడు కిటికీ బయట నిలబడి. బస్సు కదిలింది. వీపున రాయితో వెనక్కి ఆనుకోవడం ఎంత సుఖమో అప్పుడు తెలిసింది. సంచిని ముందుకి తిప్పుకుని పొట్ట మీద పెట్టుకున్నాను. బస్సు మంచుగడ్డలా చల్లగా ఉంటే పైనుంచి కొంగు నిండా కప్పుకున్నాను.

బాల్టిమోర్‌లో లేచేసరికి రాయి కిందికి లాగుతోంది. ఓ చేత్తో పొట్ట కింద పట్టుకుని, ఇంకో చేయి నడుముకి ఆనించి, అడుగులో అడుగేసుకుంటూ నడిచాను. జనం ఒక్కసారిగా దారి ఇచ్చారు. డ్రైవరు కిందికి దూకి చేయందించాడు. అమెరికా వాళ్ళు ఎంత మంచివాళ్ళో అనుకున్నాను. పక్కసీటు పెద్దావిడ నన్ను బెంచీ మీద కూర్చోబెట్టి, "బేబీ?" అంది.

"ఎస్. బేబీ. ఫిలడెల్ఫియా" అన్నాను, నేను వెళ్ళే పని అదే కాబట్టి.

"వెన్, హనీ?"

"టుడే, టుమారో" అన్నాను.

ఆవిడ కంగారుగా నా పొట్ట మీద చేయి వేసింది. వేసిన చేయి అక్కడే ఆగిపోయింది. రాయిలా ఉంటే ఎవరికైనా ఆగుతుంది. డ్రైవర్ని కేకేసింది. ఎవరో మంచినీళ్ళకి పరిగెత్తారు. అప్పుడు నాకు వెలిగింది. ఇంగ్లిష్‌లో చెప్పడం నా వల్ల కాక, కొంగు తీసి, జిప్పు లాగి, సానరాయి బయటికి తీసి ఆవిడ ఒళ్ళో పెట్టాను. ఆవిడ రాయిని ఓసారి, నన్ను ఓసారి చూసింది. తర్వాత ఆవిడ నవ్విన నవ్వుకి బెంచీ ఊగింది. కళ్ళు తుడుచుకుంటూ, రాయిని తనే పసిబిడ్డలా ఎత్తుకుని, నన్ను సరైన బస్సు దాకా తీసుకెళ్ళి ఎక్కించింది.

ఫిలడెల్ఫియాలో దిగి, అడ్రసు చీటీ చూపించి టాక్సీలో ఇల్లు చేరాను. చెల్లెలు తలుపు తీసి, ముందు నా పొట్ట చూసి, తర్వాత తన పొట్ట చూసుకుంది. ఇద్దరం గుమ్మంలోనే కూలబడి నవ్వాం. "ఇక్కడే పుట్టేస్తుందే, ఆపు" అంటుంది, ఆపదు. ఫోన్లో మా ఆయన, "ఎవరి సాయమూ తీసుకోలేదుగా?" అన్నాడు.

"బస్సంతా కలిసి నాకు పురుడు పోసి పంపింది బావా" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. ఇప్పటికీ పూర్తిగా చెప్పలేదు, ఇది చదివితే తెలుస్తుంది.

ఆ సంచి ఇంకా నా దగ్గరే ఉంది. ఓ మూల కాస్త కరిగింది. (ఇస్త్రీ చేయకూడదని దాని మీద రాసుందట. ఆ సన్నటి అక్షరాలు మొన్న మనవరాలు చదివి చెప్పింది.) దాన్ని చూసినప్పుడల్లా, పొట్టన రాయి కట్టుకుని అంత ధీమాగా నడిచిన ఆ పిల్ల ఎవరా అనిపిస్తుంది. చదువుకున్నాక నాకంత ధైర్యం మళ్ళీ రాలేదు. ఇప్పుడు బోర్డులన్నీ చదివి, ఏ బస్సు ఎక్కాలో తేల్చుకోలేక నిలబడిపోతున్నాను.

అప్పుడు చెల్లెలింటికి చేరిన మర్నాడు పొద్దున, అది ఇంకా నిద్రపోతుండగా, సంచిని దాని జేబులోకి కుక్కి బొడ్లో దోపుకుని, పాలు తేవడానికి అమెరికాలో మొదటిసారి ఒక్కదాన్నే వీధిలోకి వెళ్ళాను. వచ్చేటప్పుడు పాలు వీపు మీద ఉన్నాయి. రెండు చేతులూ ఊపుకుంటూ నడిచాను. కావాలనే ఓ వీధి ఎక్కువ చుట్టి వచ్చాను.