ఒకపూట గుర్రం

బంగారు గనుల ఊరు చాంపియన్ రీఫ్స్ నుంచి రాబర్ట్‌సన్‌పేటకు నడిచి వెళ్తున్నాను. దారి మధ్యలో ఒక తెల్ల గుర్రం మొండికేసి నిలబడింది. తలపాగా చుట్టిన ముసలాయన దాని మూతి చుట్టూ చేత్తో తడుముతున్నాడు.

"దీనికి ముక్కుతాడు యాడ కడతారప్పా?" అని నన్నే అడిగాడు.

"గుర్రానికి ముక్కుతాడు ఉండదు. ఎనక నుంచి తోలకుండా నువ్వు ముందు నడువు" అన్నాను. గుర్రాల గురించి నాకు తెలిసిన విద్య అంతే. అదృష్టం, అది కదిలింది. ఊళ్లు చూస్తూ తిరిగే నాకు చేరాల్సిన ఊరంటూ లేదు కాబట్టి నేనూ ఆయన వెంట వెనక్కి తిరిగాను.

ఆయన పేరు దొడ్డమునియప్ప. ముప్ఫై ఏళ్ల కిందట సుగటూరు నుంచి రెండు ఆవులతో వచ్చి, ఒక దొర బంగళాకు పాలు పోశాడు. గనులు సర్కారువయ్యాక దొర ఓడెక్కాడు, గుర్రాలు అమ్ముడుపోయాయి, ఖాళీ లాయంలో ఈయన ఆవులు చేరాయి. ఇప్పుడవి ఏడు. ఇన్నేళ్లూ అడిగినవాడు లేడు. మొన్ననే గనుల ఎస్టేటు ఆఫీసు నుంచి చీటీ వచ్చిందట: గుర్రం లేని లాయాలన్నీ గోడౌన్లు చేస్తారు.

"ఈ పొద్దు ఓవర్సీరు వస్తాడు. ఆ తావు పోతే ఆవుల్ని అమ్ముకునేదే. జట్కా ఆయన్ని బతిమాలి, ఒకపూటకని దీన్ని తెచ్చినాను."

లాయం చూసి నేను ఆగిపోయాను. కోటల్లో లాయాలు చాలా చూశాను, అక్కడ ఏనుగుకీ గుర్రానికీ ఒకటే చీకటి. ఇక్కడ అలా కాదు. తలుపు రెండు ముక్కలు: పైది తీస్తే గుర్రం వీధి చూస్తుంది, కిందిది దాన్ని లోపలే ఉంచుతుంది. కప్పు మీద వేడిగాలి పోయేందుకు చెక్క గూడు. తడి నిలవకుండా కాలువ వైపు వాలిన ఇటుక నేల. పక్కన బగ్గీ కోసం కట్టిన గది, దాని కమాను కింద పెళ్లి ఊరేగింపు పోవచ్చు. గని కూలీల లైన్ ఇళ్లలోకి మాత్రం నడుము వంచి దూరాలి. గోడకు ఎత్తున బిగించిన ఇనుప గడ్డిబుట్ట ఆవులకు అందదు కనుక, మునియప్ప భార్య అక్కయమ్మ అందులో కోడిని పొదగేసింది.

ఆవుల్ని పక్క వీధికి తోలేశారు. నేల కడిగారు. అక్కయమ్మ గుర్రం నుదుట పసుపూ కుంకుమా పెట్టింది.

ఓవర్సీరు శ్రీకంఠయ్య వచ్చి గుర్రాన్ని చూశాడు, కోడిని చూశాడు, చుట్టూ తిరిగి తూర్పు గోడ దగ్గర నిలిచాడు. ఆ గోడ నిండా, కింది నుంచి చెయ్యి అందినంత ఎత్తు దాకా, అయిదు వేళ్ల అచ్చులతో పిడకలు. రోజూ చూసే గోడ, దాచాలని ఆ దంపతులకు తోచనే లేదు.

"ఇవేందప్పా?"

"పిడకలు సామీ."

"ఆ మాత్రం నాకు తెలీదా? గుర్రం లద్దె గోడకు నిలుస్తాదా?"

అక్కయమ్మే అందుకుంది: "ఇది చిన్నప్పటి నుంచి ఆవుల మధ్య పెరిగింది సామీ."

శ్రీకంఠయ్య నవ్వు ఆపుకోలేక గోడ వైపు తిరిగి కాసేపు దగ్గాడు. తర్వాత పుస్తకం తీశాడు.

"గుర్రం ఉండాది, నేను చూసినాను, రాసినాను. ఇంగ నెలనెలా వస్తాను. వచ్చినప్పుడంతా ఇదే గుర్రం కనిపించాల. వేరే రంగుది కనిపిస్తే ఆ పొద్దే గోడౌను. ఏమ్మా, మా ఇంటికి ఒక గంప పిడకలు పంపు, నీళ్లు కాగేదానికి."

ఆయన వెళ్లాక అక్కయమ్మ మొగుడి మీద లేచింది. "నెలనెలా జట్కా ఆయన ఇస్తాడా? బండి ఎవురు లాగాల, నువ్వా?"

"అడుగుతాను లేవే. కావాలంటే రోజూ ఒక శేరు పాలు పోస్తాను."

"నీ గుర్రం పాలా?"

ఇంతలో పక్క వీధిలో ఆవులు అరిచాయి. మునియప్ప ఎండ వైపు చూశాడు. పాలు పిండే వేళ దాటింది. గుర్రం పగ్గం నా చేతిలో పెట్టి, చెంబు అందుకుని గబగబా నడిచాడు.

"దీన్నేం చేసేది?" అని అరిచాను. వీధి మలుపు తిరిగేదాకా ఆయన తల తిప్పలేదు.