కొండమీద ఇద్దరు చివరివాళ్లు

నవ్వదలచుకున్నవాళ్లు ఇప్పుడే నవ్వేయండి. మధ్యలో నవ్వితే నాకు ఒళ్లు మండుతుంది. నడవలేని పిల్లలకు చక్రాల కుర్చీలు కొనే పుణ్యకార్యానికి సాయం చేద్దామని కొండకు వెళ్లి, నేనే నడవలేని పిల్లవాడినై దిగివచ్చిన వైనం ఇది. ఇది జరిగి కొన్నేళ్లయింది. చీలమండ నొప్పి మూడు వారాల్లో పోయింది. కోపం మాత్రం నాలో ఇంకా అద్దెకుంటోంది. ఖాళీ చేయమంటే చేయదు.

నా పేరు దేవదానం. అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. రియాద్‌లో ఒక మెయింటెనెన్స్ కంపెనీ ఆఫీసులో హాజరు చూసే ఉద్యోగం. హాజరు చూసేవాడి కంటికి ప్రపంచమంతా ఆలస్యంగా వచ్చేవాళ్లే. కోపం నాకు జీతంతోపాటు వచ్చేదన్నమాట. పుట్టిపెరిగింది భీమవరం దగ్గర. సండే స్కూల్లో కంఠత వాక్యాల పోటీలో ఏటా మొదటి బహుమతి నాదే. లేఖనాల్లో ఏ మాట ఎక్కడుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. శాంతం అనే మాట ఎక్కడెక్కడుందో కూడా చెబుతాను. అది నాలో ఎక్కడుందో మాత్రం ఎవరికీ దొరకలేదు.

శుక్రవారాలు తెలుగువాళ్లం కొందరం ఏలియా అయ్యగారింట్లో ప్రార్థనకు కూడుకునేవాళ్లం. ఆయన ఒక ఆస్పత్రి స్టోర్‌లో పనిచేసే పెద్దమనిషి. గొంతు పెంచకుండానే మనిషిని నిలువునా పాతిపెట్టగలరు. ఒక్క శుక్రవారం వాక్యం చెప్పనివ్వండని రెండేళ్లుగా ఆయన వెంటపడుతున్నాను. తప్పిపోయిన గొర్రె మీద ప్రసంగం రాసుకున్నాను. అద్దం ముందు నలభైసార్లు చెప్పుకున్నాను. ఎక్కడ గొంతు పూడుకుపోవాలో, ఎక్కడ కన్నీళ్లు రావాలో పెన్సిలుతో గుర్తులు కూడా పెట్టుకున్నాను.

ఆయన ఎందుకివ్వలేదో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఒక శుక్రవారం నేను గుమ్మంలో చెప్పులు వరసగా విడవలేదని ఇద్దరితో పోట్లాడి, ఆ నోటితోనే లోపలికొచ్చి శాంతి సమాధానాల గురించిన పాట ఎత్తుకున్నాను. పాట పూర్తయ్యాక అయ్యగారు నన్ను పక్కకు పిలిచారు.

"వచ్చే వారం శనివారం పిల్లల కోసం కొండ నడక ఉంది. వాలంటీరుగా వెళ్లు దానం. ఒక్క పూట ఎవరిమీదా అరవకుండా తిరిగిరా. ఆ పై శుక్రవారం వాక్యం నీది. అరిచావా, మళ్లీ క్రిస్మస్ దాకా అడగకు."

"అరిస్తే మీకెలా తెలుస్తుందండి?"

"దిగువన భోజనాలు పంచడానికి నేనూ వస్తున్నాను. నువ్వే చెబుతావు. నీకు కోపముంది గాని అబద్ధం లేదు."

అలా దొరికిపోయాను.

ఆ నడక ఏర్పాట్లన్నీ చూసేది నూరా మేడమ్ అని ఒక సౌదీ డాక్టరు. గురువారం వెళ్లి ఆమె దగ్గర నారింజరంగు వాలంటీరు కోటు తెచ్చుకున్నాను. ముందు నడిచే పని అడిగాను. ఆమె చివర నడిచే పని ఇచ్చింది. అందరి వెనకా రావాలి, దారి గుర్తుకు కట్టిన పసుపు రిబ్బన్లు విప్పుకుంటూ రావాలి, వెనకపడినవాళ్లను తనకంటే ముందు నడిపించాలి, ఏమైనా సరే ఒక్క మనిషిని కూడా దాటి ముందుకు పోకూడదు. మొదట అవమానమనిపించింది. తరువాత ఆలోచిస్తే, ఇది కాపరి పని. నా ప్రసంగంలోని పని. పైవాడే నా పేరు సిఫారసు చేశాడని తేల్చుకున్నాను.

శనివారం తెల్లవారేసరికి ఊరి బయట తువైక్ కొండ కింద రెండు వందల మందిమి చలికి వణుకుతూ నిలబడ్డాం. నారింజ కోటు మీద గోధుమరంగు జాకెట్ వేసుకుని గొంతు దాకా జిప్పు లాగేశాను. కాళ్లకు ఆఫీసు బూట్లు. దేవుని పని మీద పోతూ పాత బూట్లేమిటని, తళతళలాడేలా పాలిష్ చేసి మరీ వేసుకున్నాను. బుద్ధిమంతులు ఇక్కడ నవ్వరు, నిట్టూరుస్తారు.

నూరా మేడమ్ జాగ్రత్తలు చెప్పడం మొదలుపెట్టింది. ప్రార్థన లేకుండా పని మొదలవడమేమిటని నాకు అనిపించింది. ఉన్నది ఏ దేశమో తెలుసు గనుక నోరు మెదపకుండా, నిలబడినచోటే తలవంచి కళ్లు మూసుకున్నాను. నా ప్రార్థనలు పొట్టివి కావు. భీమవరంలో బంధువులతో మొదలై, రోగుల మీదుగా, దేశాలేలే అధికారులందరినీ పలకరించి గాని ఆమెన్ దగ్గరికి రావు. మధ్యలో ఎవరో "దేవదానం" అని రెండుసార్లు పిలిచినట్టు వినిపించింది. పిలుపు పైనుంచి వచ్చిందనుకుని ఇంకా గట్టిగా కళ్లు మూసుకున్నాను.

కళ్లు తెరిచేసరికి జనం కొండ ఎక్కుతున్నారు. అందరూ సాగిపోయారు, ఒక్కడు తప్ప. నలభై దాటిన మనిషి. నీలం జాకెట్, సైట్లో వేసుకునే బరువైన బూట్లు, బియ్యం బస్తాలాంటి సంచి. రాయి మీద కూర్చుని నన్నే చూస్తున్నాడు. నా మొదటి గొర్రె ఇదే అనుకున్నాను.

"చలో భాయ్, ఆగే చలో" అని హిందీలో ముందుకు నడవమన్నాను ప్రేమగా.

"ఆప్ చలో సాబ్, హమ్ ఆతా" అన్నాడు అంతకంటే ప్రేమగా.

పది అడుగులు వేసి చూశాను. అతనూ పది అడుగులు వేశాడు. ఆగాను. ఆగాడు. బూటు లేసు కట్టుకునే నెపంతో కూర్చున్నాను. అతను సంచి దించి కూర్చున్నాడు. అతను నా వెనక ఉన్నంతసేపు నేను రిబ్బను విప్పడానికి లేదు. దారి వదిలి పక్కకు జరిగి, చేయి చాపి, పెళ్లివారిని పందిట్లోకి ఆహ్వానించినట్టు చూపించాను. అతనూ చేయి చాపి నాకు చూపించాడు. ఆ కొండదారిలో ఇద్దరం వియ్యంకుల్లా ఒకరికొకరం మర్యాదలు చేసుకుంటూ నిలబడ్డాం. నా ప్రసంగంలో గొర్రె ఇలా ఉండదు. అద్దం ముందు అది పిలవగానే వచ్చేది.

అప్పుడతను తనలో తాను గొణుక్కున్నాడు. "ఏం మనిషి దొరికిండు దేవుడా, పొద్దు గూకుతది ఈయనతోని."

తెలుగు. పేరు మల్లేశం, జగిత్యాల దిక్కు, పరంజాలు కట్టే స్కాఫోల్డింగ్ పని. హమ్మయ్య, ఇక మాటతో నడిపిస్తాననుకున్నాను. మాట వల్ల జరిగిందేమిటంటే, అంతవరకు మౌనంగా ఆగినవాళ్లం మాట్లాడుకుంటూ ఆగసాగాం. అతను సంచిలోంచి ఖర్జూరాలు తీసి తినమన్నాడు, కళ్లు తిరుగుతాయట. మీరే తినండి, మీకే నీరసంగా ఉన్నట్టుంది అన్నాను. రాత్రి నిద్ర సరిగా పట్టిందా అని అడిగాడు. బీపీ మాత్ర వేసుకున్నారా అని అడిగాడు. నాకు బీపీ లేదు. ఆ ప్రశ్నతో వచ్చింది.

ముందున్న జనం గట్టు మీద చీమలబారులా కనిపించి, తరువాత కనిపించడం మానేశారు. ఎండెక్కింది. నేను శుక్రవారాన్ని తలచుకుని, పళ్లు బిగించి, చివరి ఆయుధం తీశాను. గొర్రె కథ చెప్పాను. వంద గొర్రెలున్న కాపరి, ఒకటి తప్పిపోతే తొంభై తొమ్మిదినీ అక్కడే విడిచి దానికోసం వెళ్లాడని, కనుక వెనకపడ్డందుకు సిగ్గుపడనక్కరలేదని, లేచి ముందు నడవమని చెప్పాను.

మల్లేశం చాలా శ్రద్ధగా విన్నాడు. వాళ్ల నాయన కూడా గొర్లు కాసినవాడేనట.

"ఆ తొంభై తొమ్మిదింటిని ఎవలకు అప్పజెప్పి పోయిండు సార్?"

"కథలో అది లేదండి."

"అట్లెట్ల పోతడు? ఆడ నక్కలు లేవా?"

రెండేళ్లు రాసిన ప్రసంగం. నలభైసార్లు అద్దం. పెన్సిలు గుర్తులు. అన్నిటికీ కలిపి ఒక్క చిల్లు పెట్టాడు. దీపం కొండెక్కింది అంటారు చూశారా, నా శాంతం ఆ కొండమీదే కొండెక్కింది.

"ఏమయ్యా, నీకు కాళ్లున్నాయా లేవా? ముందుకు నడుస్తావా, నడవవా?"

"నోరు మంచిగ రానియ్. రోగిష్టోన్ని ఏమనొద్దని పొద్దటిసంది ఊకుంటున్న."

"రోగిష్టా? ఎవడు?"

"ఇంకెవలు? ఈడ ఇద్దరమే ఉన్నం."

నేను జన్మలో ఎవరితోనూ కలియబడినవాణ్ణి కాదు. కాని కలియబడేవాళ్లు ముందు చొక్కా విప్పుతారని తెలుసు. జాకెట్ జిప్పు సర్రున లాగి, రాతి మీద విసిరికొట్టాను. మల్లేశం సంచి దించి, తన జాకెట్ విప్పి దానికెదురుగా పెట్టాడు. ఇద్దరం పిడికిళ్లు బిగించి తలెత్తాం.

ఎదురెదురుగా రెండు నారింజ కోట్లు. ఒకే తానులో చింపినవి.

"నీకిది ఎవరిచ్చారు?" అన్నాను.

"మేడమిచ్చింది పొద్దుగాల. ఎనుక నడిచెటోడు నిలవడే నిద్రవోయిండు, రెండుసార్లు పిలిస్తె పలుకలే, నువ్వు నడువు అన్నది. పాపం ఒంట్లె బాగలేనట్టుంది, ఆ మట్టిరంగు జాకెటాయనను ఇడిసిపెట్టి రాకు అన్నది. ఆయనకు చెప్పకు, సిగ్గువడతడు అని గూడ అన్నది."

మంచివాడైతే ఇక్కడ నవ్వి ఉండేవాడు. మల్లేశం నవ్వాడు కూడా. నేను మాత్రం "అది నిద్ర కాదయ్యా, ప్రార్థన" అని అరిచిన అరుపుకి ఎదుటి లోయ "ప్రార్థన, ప్రార్థన" అని నన్నే వెక్కిరించింది. శుక్రవారం పోయిందని అప్పుడే తెలిసిపోయింది. నిండా మునిగినవాడికి చలేమిటి, నిండా అరిచినవాడికి శాంతమేమిటి? ఆ లోయనూ తిట్టాను. రోగి ఎలా నడుస్తాడో చూపిస్తానని విసవిసా బయలుదేరాను.

తుమ్మపొదకు కట్టిన పసుపు రిబ్బను ఎడమకు తిరగమంటోంది. నా కోపం కుడికి తిరిగింది. కాసేపటికి దారిలేని ఒక ఎండిన వాగులో ఉన్నాను. అక్కడ రెండు ఒంటెలు నన్ను చూశాయి. ఆ చూపు నాకు నచ్చలేదు. వాటినీ తిట్టాను. తిడుతూ వెనక్కి తిరగబోతే, పాలిష్ చేసిన బూటు గులకరాళ్ల మీద జర్రున జారింది, చీలమండ మెలి తిరిగింది, నేను పడ్డాను. ఒంటెలు నమలడం ఆపలేదు.

ఎంతసేపో తెలియదు. ఈల వినిపించింది. మల్లేశం వచ్చాడు. చీలమండ తడిమి చూసి, దారిపొడుగునా నాకు తెలియకుండా నా వెనక విప్పుకొచ్చిన పసుపు రిబ్బన్లన్నీ దానికి చుట్టి బిగించాడు. నేను నడుస్తానన్నాను. లేచాను, పడ్డాను. ఎవరినైనా పిలవమన్నాను.

"ఎవలొస్తరు, ఎనుక మనిషిని నేనే గద" అని, వంగి, నన్ను తన మెడ మీదుగా ఎత్తుకున్నాడు. చేతులు ఒక భుజం మీదుగా, కాళ్లు ఇంకో భుజం మీదుగా. సంచి ముందుకు వేలాడుతోంది. ఇరవై ఏళ్లు ఇనుప పైపులు మోసిన భుజాలు. నేను తన్నుకున్నాను.

"గొర్రె గూడ గిట్లనే తన్నుకుంటది" అన్నాడు తాపీగా. కొంతదూరం పోయాక మళ్లీ అన్నాడు. "ఎనుకవడ్డ గొర్రె ఎన్నడు తప్పిపోదు సార్. దానికి ముంగటిదాని తోక కనవడుతది. తప్పిపోయేది, తొవ్వ నాకు తెలుసు అనుకునేదే."

సండే స్కూల్లో మాకు ప్రతి ఏడూ ఒక క్యాలెండరు ఇచ్చేవారు. కాపరి భుజాల మీద గొర్రె బొమ్మ. పదేళ్లు ఆ బొమ్మకింద నిలబడి వాక్యాలు అప్పజెప్పాను. ఒక్కసారైనా గొర్రె ముఖం చూడలేదు. ఆ రోజు ఆ ముఖం నాది.

కొండ దిగేసరికి అందరూ భోజనాలు చేస్తున్నారు. నూరా మేడమ్ లేచి, ఇతనికి ఒంట్లో బాగాలేదని పొద్దున్నే చెప్పలేదా అని చుట్టూ ఉన్నవాళ్లతో అంది. పిల్లలకు చూపించడానికి తెచ్చిన కొత్త చక్రాల కుర్చీ ఒకటి అక్కడుంది. రెండు వందల మంది నడిచింది దేనికోసమో, దానిలో మొట్టమొదట కూర్చున్నది నేను. ముందు వరుసలో పిల్లలు చప్పట్లు కొట్టారు. కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. కొండంతా గాలించి నన్ను పట్టుకొచ్చారు.

ఏలియా అయ్యగారు బిర్యానీ పొట్లంతో వచ్చి పక్కన నిలబడ్డారు. పొట్లం నా ఒళ్లో పెట్టారు.

"అరిచానండి" అన్నాను.

"ఎవరిమీద?"

"ఇతని మీద. లోయ మీద. ఒంటెల మీద కూడా. క్రిస్మస్ దాకా అడగనులెండి."

ఆయన మల్లేశాన్ని చూశారు. నా కాలికి చుట్టిన పసుపు రిబ్బన్లు చూశారు.

"వచ్చే శుక్రవారం వాక్యం నీదే" అన్నారు. "కాపరి తరఫున చెప్పేవాళ్లు మనలో పదిమంది ఉన్నారు దానం. గొర్రె తరఫున చెప్పేవాడు ఇన్నాళ్లకు దొరికాడు. కుంటుకుంటూనే రా."

వెళ్లాను. పెన్సిలు గుర్తుల కాగితాలు ఇంట్లోనే చింపేసి, జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను కన్నీళ్లు గుర్తు పెట్టుకున్న చోట అందరూ నవ్వారు, నవ్వి నవ్వి వాళ్లకు కన్నీళ్లు వచ్చాయి. అలా ఆ గుర్తు వృథా పోలేదు.

కనుక ఇందుమూలంగా ప్రతిజ్ఞ చేయుచున్నాను. ఇకమీదట కొండకింద ప్రార్థన చేస్తే ఒక కన్ను తెరిచే ఉంచుతాను. ఎవరైనా పేరుపెట్టి రెండుసార్లు పిలిస్తే పైకి చూసేముందు పక్కకు చూస్తాను. దైవకార్యానికైనా రబ్బరు సోలు బూట్లే వేస్తాను. కోపంలో ఉండగా కుడికి తిరగను. ఎవరిమీదా, ముఖ్యంగా నన్ను మోసిన మనిషి మీద, ఎన్నడూ అరవను.

ప్రతిజ్ఞకు సాక్షి ఉండాలి గదా అని, ఇదంతా రాసి మొన్న మల్లేశానికి ఫోనులో చదివి వినిపించాను. చివరిదాకా శ్రద్ధగా విన్నాడు.

"మంచిగ రాసినవ్ సార్" అన్నాడు. "ఇంతకు ఆ తొంభై తొమ్మిది గొర్లు ఏమైనయ్?"

నేను అరవలేదు. ఫోను బల్ల మీద పెట్టాను. కళ్లు మూసుకుని పది దాకా లెక్కపెట్టాను. చాలలేదు. తొంభై తొమ్మిది దాకా లెక్కపెట్టాను. అప్పుడు అరిచాను.