బావ చేప ఇల్లు మారిన రోజు

మొన్న మా అక్కవాళ్ళింట్లో ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియను నిచ్చెన ఎక్కబోతూ ఆగిపోయి, హాల్లో గోడ పొడవునా ఉన్న అక్వేరియం వైపు నోరు తెరుచుకుని చూశాడు. "ఇంత పెద్ద సేపని ఇందులోకి ఎలా దింపేరండీ?" అన్నాడు. అంతే, బావ, అక్క, నేను ఒకేసారి అందుకున్నాం. పాపం, ఆ ఫ్యాను మధ్యాహ్నం దాకా తిరగలేదు.

మా బావ అనకాపల్లి మార్కెట్లో ఏళ్ళ తరబడి బెల్లం వ్యాపారం చేసి, మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున కూర్చున్న కొత్తల్లో, ఆస్కార్ అనే రకం చేపను, బొటనవేలంత పిల్లను, తెచ్చుకున్నాడు. నల్లటి ఒంటిమీద నిప్పుకణికల్లాంటి మచ్చలు. ఆ ఇంట్లో ఏనాడూ చేప వండింది లేదు. పెంచడమేమిటని అక్క గొణుక్కునేది. చూస్తుండగానే అది జానెడు దాటింది. బావ చెప్పుల చప్పుడు వింటే చాలు, గాజు దగ్గరికి వచ్చి తోకాడించేది. "ముప్పయ్యేళ్ళగా వండి పెడతన్నాను. ఒక్కరోజైనా మీరు నాకిలా ఎదురొచ్చేరా?" అనేది అక్క.

అయితే పాత తొట్టిలో దానికి తిరిగే చోటు లేకుండా పోయింది. ముక్కు ఒక గాజుకి, తోక ఇంకో గాజుకి తగిలేవి. పెదవి మీద పుండు పడింది. అది తిండి మానేస్తే బావ కూడా సగం అన్నంతో లేచిపోయేవాడు. ఆఖరికి ఈ పెద్ద అక్వేరియం వచ్చింది. నీళ్ళు చేపకి పడాలని వారం రోజులు నిలవబెట్టాం. అంతా సిద్ధమే, చేపను పట్టేదెవరు? నేను వల ముంచానో లేదో, అది ఎగిరి, సగం తీసిన పైమూతను గుద్దింది. నీళ్ళు నా మొహం మీద పడ్డాయి, రెండు పొలుసులు నీటిలో తేలాయి. బావ నా చెయ్యి పట్టుకుని ఆపేశాడు. "వద్దు, వల తీసెయ్. చచ్చిపోద్ది!"

సరిగ్గా అప్పుడే వీధిలో "సేపలో" అని కేక. రాంబిల్లి ఊరి నుంచి ఎదురింటివాళ్ళకి చేపలు తెచ్చే ఆవిడ, అందరం పిన్ని అనే పిలుస్తాం. నేను పరుగెత్తుకెళ్ళి సంగతి చెబితే గంప దించి పకపకా నవ్వింది. వచ్చి, గడప దగ్గరే నిలబడిపోయింది. ఆ గడప ఆవిడ ఎన్నడూ దాటలేదు. అక్క ఒక్క క్షణం తటపటాయించి, "రా పిన్నీ, లోపలికి రా" అంటూ తానే సబ్బు, నీళ్ళు అందించింది.

"సబ్బొద్దమ్మా, సేపకి పడదు. ఒట్టి నీళ్ళు సాలు" అని చేతులు కడుక్కుని, పిన్ని వలను అవతల పారేసింది. తొట్టిలో నీళ్ళు సగం తోడించి, అందులో పట్టే టబ్బునొకదాన్ని పక్కకి వంచి ముంచింది. "బాబూ, నువ్వు ఈ టబ్బు కాడ సెయ్యెట్టి పిలు. దానికి నీ గొంతు తెలుసు గదా."

బావ పిలిచాడు. చేప ఆగింది, చూసింది, మెల్లగా టబ్బులోకి వచ్చేసింది! పిన్ని టబ్బు నిలబెట్టి తడి తువ్వాలు కప్పింది. బావ, అక్క, నేను ఎత్తాం, పిన్ని పక్కనే నడిచింది. హాలు మధ్యకి వచ్చేసరికి లోపల ఒక్క ఎగురు. తువ్వాలు పైకి లేచింది, పిన్ని రెండు చేతులూ అడ్డం వేసేసింది. "ఆగొద్దు, నడండి!"

కొత్త నీళ్ళు అలవాటయ్యేలా అక్క గ్లాసుతో కొంచెం కొంచెంగా టబ్బులో పోసింది. అరగంట తర్వాత టబ్బు వంచాం. చేప రాయిలా అడుగుకి దిగి, ఒక పక్కకి ఒరిగిపోయింది. బావ మోకాళ్ళ నొప్పి మరిచి నేలమీద కూలబడ్డాడు. "అలిగింది బాబూ, కొత్తిల్లు గదా" అంది పిన్ని, కానీ ఆవిడ కళ్ళు కూడా మొప్పల మీదే ఉన్నాయి.

మొప్పలు ఆడాయి. తోక కదిలింది. ఒక్కసారిగా లేచి, ఈ చివరినుంచి ఆ చివరికి ఈది, ఎక్కడా గాజు తగలకుండా నిండుగా మళ్ళింది. చిన్నపిల్లల్లా కేకలు పెట్టాం. పిన్ని కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "పుట్టి బుద్దెరిగిన కాణ్ణించీ సేపల్ని నీళ్ళల్లోంచి తియ్యడమే సూసేను. నీళ్ళల్లో ఎయ్యడం ఇదే మొదలు."

అక్క ఇచ్చిన కాఫీ తాగి బయటికి వెళితే, గంపలో రెండు చేపలు పిల్లి పాలయ్యాయి. "పోనీ, దానికీ ఇయ్యాల పండగే" అంది పిన్ని.

ఆ తర్వాత ఏళ్ళు ఎటు పోయాయో చెప్పలేను గానీ, ఆ చేప మొదటిసారి ఈ చివరినుంచి ఆ చివరికి వెళ్ళిన ఆ కాస్త సమయం మాత్రం నాలో ఇంకా పొడుగ్గా సాగుతూనే ఉంది.