నీలం బండి బ్లోయర్ ఫ్యాను

ఇరవై మూడేళ్ల వయసులో మనిషికి తన మీద తనకు ఉన్నంత మంచి అభిప్రాయం ఆ తరవాత ఎప్పుడూ ఉండదనుకుంటాను. ఆ రోజుల్లో నా దగ్గర మెకానికల్ ఇంజనీరింగ్ పట్టా ఒకటి, సివిల్స్ కొట్టి తీరతానన్న నమ్మకం ఒకటి ఉండేవి. రెండింటినీ అప్పటికి ఎవరూ వాడి చూడలేదు గనక రెండూ కొత్తగా మెరుస్తూ ఉండేవి. తణుకు నుంచి వచ్చి ఢిల్లీలో కటవారియా సరాయ్ సందుల్లో గది కోసం తిరుగుతుంటే, అదే పని మీద తిరుగుతున్న ఒక కరీంనగర్ మనిషి పరిచయమయ్యాడు. నాకంటే పెద్దవాడు, రెండుసార్లు పరీక్ష రాసినవాడు. టీ చల్లారిపోయినా దానికి రాజ్యాంగంలో ఒక ఆర్టికల్ చూపించేవాడు కాబట్టి ఆయన్ని ఆర్టికల్ అన్న అనేవాణ్ణి. ఇద్దరం కలిసి ఒక ఇంటి తలుపు తడితే, ఆ ఇంటి ఆంటీ మమ్మల్ని కిందినుంచి పైదాకా చూసి, "రూమ్ తో నహీ హై బేటా. గాడీ హై. చలేగా?" అంది. గది లేదట, బండి ఉందట. ఢిల్లీలో ఇలా అద్దెకిస్తారు కాబోలనుకుని ఇద్దరం తలూపాం.

ఇంటి పక్క ఖాళీ స్థలంలో, వేపచెట్టు కింద, నీలం రంగు పాత మోటారు హోమ్ ఒకటి ఉంది. లోపలే రెండు పడకలు, మడత బల్ల, చిన్న అల్మరా. ఎప్పుడో దేశాలు చుట్టడానికి వచ్చిన విదేశీ దంపతులు దాన్ని ఢిల్లీలో అమ్ముకుని విమానమెక్కి వెళ్లిపోతే, ఆంటీ భర్త, అంటే మా అంకుల్, కొన్నాడట. ఆంటీకి సముద్రం చూపిస్తానని బయలుదేరదీసి, ఢిల్లీకి ఉత్తరాన గంట దూరంలో ఉన్న ముర్తల్‌లో పరాఠాలు తినే దాకా తీసుకెళ్లాడట. అక్కడ ఇంజను ఆగిపోతే బండిని లాగించుకుని వెనక్కి తెచ్చారు. (సముద్రం ముర్తల్‌కి అటువైపు లేదని ఆంటీ ఆయనకు అప్పుడప్పుడు గుర్తుచేస్తూ ఉండేది.) ఆ తరవాత ఆయన బండిని వదిలేసి డాబా మీద పావురాల పెంపకంలో పడ్డాడు. ఇంటి నుంచి ఒక వైరు లాగి ఆంటీ మాకు దీపం, టేబుల్ ఫ్యాను ఏర్పాటు చేసింది. నీళ్లకీ మిగతా అవసరాలకీ వాళ్ల కింది వాటా. అద్దె చవక. బండిలో ఉంటున్నామని ఇంట్లో చెప్పలేక, "రోడ్డు పక్కనే, గాలి వెలుతురూ బాగుంటాయి" అని అమ్మకి ఫోన్లో చెప్పాను.

మే నెల వచ్చింది, ప్రిలిమ్స్ దగ్గర పడింది. అప్పుడు గుర్గావ్ నుంచి ఒకతను బండి చూడటానికి వచ్చాడు. పెళ్లికి ముందు జంటలకు ఫోటోలు, వీడియోలు తీసే వ్యాపారం అతనిది. మేము ఫోటో భయ్యా అనేవాళ్లం. ఇంజను పనిచేయదని ఆంటీ భయపడుతూ చెప్తే అతను తేలిగ్గా చెయ్యి ఊపాడు. షూటింగ్‌లో బండి కదలనక్కర్లేదట, కదిలినట్టు కనిపిస్తే చాలట. అతనికి కావలసిందల్లా డాష్‌బోర్డులోని బ్లోయర్ ఫ్యాను. ముందు సీట్లో కూర్చున్న అమ్మాయి జుట్టు గాలికి ఎగరాలి. స్విచ్ వేసి చూశాడు. ఏమీ కాలేదు. అది బాగైతే ఫోన్ చేయమని వెళ్లిపోయాడు.

ఆంటీ నా వైపు తిరిగి, "తుమ్ తో ఇంజనీర్ హో నా?" అంది. నువ్వు ఇంజనీరువే కదా అన్న ప్రశ్నకు ఔనని తప్ప మరో జవాబు నాకు తెలియదు.

ఆమె వెళ్లాక ఆర్టికల్ అన్న మడత బల్ల మీది పుస్తకం మూశాడు. "అది బాగైతే బండి అమ్ముడుపోతది. బండి పోతే మనం ఏడికి పోవాలె? పరీక్ష ముంగట సామాన్లు నెత్తిన పెట్టుకొని తిరుగుదామా?"

"అయితే ఏం చేద్దామన్నా?"

"బాగుగాదని చెప్పు. అబద్ధం గూడ గాదు. నీతోని ఎట్లాగు గాదు."

ఆ చివరి మాట అనకుండా ఉంటే ఈ కథ లేదు. బాగు చేయననీ, లోపం ఎక్కడుందో తెలుసుకుని వదిలేస్తాననీ అన్నకి మాటిచ్చాను. మర్నాడు పొద్దున్నే, బండి బ్యాటరీ మీద నమ్మకం లేక, ఆంటీ ఇంట్లో పక్కన పడేసిన ఇన్వర్టర్ బ్యాటరీ ఒకటి తెచ్చి తగిలించి, ఇంట్లో ప్లగ్గులు చూసుకునే టెస్టర్‌తో డాష్‌బోర్డు కిందికి దూరాను. ఏ వైరు మీద పెట్టినా టెస్టర్ వెలగలేదు. బండి మొత్తంలో కరెంటన్నది లేదని తేల్చి, బ్యాటరీ పాడైందని ఆంటీకి నివేదిక ఇచ్చాను. ఆమె ఆ బ్యాటరీకే ఒక హారన్ కలిపి మోగించి చూపించింది. ఇంటి గోడలో వచ్చే కరెంటుకి వెలిగే టెస్టర్ పన్నెండు వోల్టుల బ్యాటరీకి వెలగదన్న సంగతి నాకు ఆ సాయంత్రం ఫోన్లో ఒక వీడియో చూస్తే తెలిసింది. (అది మాకు రెండో సంవత్సరంలోనే చెప్పారట. చెప్పిన రోజు నేను ఎక్కడున్నానో నాకు గుర్తులేదు.)

మర్నాడు చిన్న బల్బుకి రెండు వైర్లు కట్టుకుని మళ్లీ దూరాను. ఈసారి బల్బు వెలిగింది. ఫ్యూజు దగ్గర కరెంటుంది, స్విచ్ దాటాక ఉంది, మోటారుకి వెళ్లే ఎర్ర వైరు చివర కూడా ఉంది. అయితే మోటారే కాలిపోయిందని సంతోషించాను, ఎందుకంటే కాలిన మోటారు నా తప్పు కాదు. నమ్మకం కోసం బ్యాటరీ నుంచి రెండు వైర్లు నేరుగా మోటారుకి తగిలించాను. చక్కగా తిరిగింది. మోటారు బాగుంది, కరెంటు దానిదాకా వస్తోంది, కానీ స్విచ్ వేస్తే తిరగదు. ఆ రోజు ఆధునిక భారత చరిత్ర చదవాల్సినవాణ్ణి, వెల్లకిలా పడుకుని డాష్‌బోర్డు అడుగుభాగం చదువుతూ గడిపాను.

నా కోసం టార్చి పట్టుకుని పట్టుకుని చెయ్యి నొప్పెట్టిన ఆర్టికల్ అన్న విసుగ్గా అన్నాడు. "కరెంటు వచ్చుడు వచ్చింది సరే. అది మళ్ల తిరిగి పోయెటందుకు తోవున్నదా? ఢిల్లీకి వచ్చుడు అల్కగనే ఉంటది తమ్ముడూ. వాపసు పోవుడే కష్టం."

ఆయన తన గురించి అన్నాడు. నేను మాత్రం మోటారు నుంచి బయలుదేరే నల్ల వైరు వెంట వేళ్లతో తడుముకుంటూ వెళ్లాను. దాని చివర బండి రేకుకి ఒక బోల్టుతో బిగించి ఉంది. బోల్టు కింద మందంగా నీలం రంగు. అంకుల్ ఎప్పుడో బండికి రంగు వేయించినప్పుడు పెయింటరు ఆ వైరు విప్పి, రేకుకి కూడా రంగు కొట్టి, దాని మీదే వైరు మళ్లీ బిగించాడు. కరెంటు రేకు గుండా తిరిగి వెళ్లే దారి ఆ ఎర్త్ వైరే, దాని కింద రంగు పొర. పాత బ్లేడుతో గీకి, బోల్టు బిగించి, స్విచ్ వేశాను.

ముందు ఒక మూలుగు వినిపించింది. తరవాత డాష్‌బోర్డు కన్నాల్లోంచి దుమ్ము, ఎండిన వేపాకులు, ఎలుకలు కూడబెట్టుకున్న దూదీ, అన్నీ ఒక్కసారిగా ఆర్టికల్ అన్న ముఖాన కొట్టాయి. ఆయన తుమ్మి, తుడుచుకుని, ముందు సీట్లో కూర్చుని ఆ గాలికి గడ్డం ఎత్తాడు. "ఇది ఎవ్వలకు చెప్పకు" అన్నాడు.

చెప్పలేదు. ఆంటీ అడిగితే ఇంకా చూస్తున్నానన్నాను. మధ్యాహ్నాలు ముందు సీట్లలో కూర్చుని, ముఖాలకు ఆ గాలి తగులుతుంటే ఒకరినొకరం ప్రశ్నలడుగుతూ చదువుకున్నాం. ఆంటీ చెప్పుల చప్పుడు వినిపిస్తే ఫ్యూజు తీసి జేబులో వేసుకునేవాణ్ణి. అంతకంటే హాయిగా నేను ఎప్పుడూ, ఎక్కడా చదవలేదు.

ఫోన్ కోసం ఆగలేక ఫోటో భయ్యా మళ్లీ వచ్చాడు. స్విచ్ వేశాడు, తిరగలేదు. ఆంటీ ముఖం చిన్నబోయింది. నా జేబులో ఫ్యూజు ఉంది. నా పక్కన అన్న ఉన్నాడు. అంతా అనుకున్నట్టే జరుగుతుండగా, అతను బండి దిగుతూ ఆంటీతో నవ్వుతూ అన్నాడు. "కిస్నే దేఖా థా ఇస్కో? యే ఇంజనీర్? ఆజ్‌కల్ కే ఇంజనీర్ సే పంఖా భీ నహీ చల్తా."

ఈ కాలం ఇంజనీర్ల చేత ఒక ఫ్యాను కూడా తిరగదట. నేను ఏ నిర్ణయమూ తీసుకున్నట్టు నాకు గుర్తులేదు. జేబులోంచి ఫ్యూజు తీయడం, పెట్టడం, స్విచ్ వేయడం అయిపోయాయి. గాలి వచ్చింది. అంతటితో ఆగకుండా ఎర్త్ వైరు గురించీ, రంగు పొర గురించీ ఫోటో భయ్యాకి ఇంగ్లీషులో ఉపన్యాసం ఇచ్చాను. అతను తన టోపీ తీసి, జుట్టు ఎగురుతోందో లేదో అద్దంలో చూసుకుని, బేరం ఖాయం చేశాడు. అన్న వేపచెట్టు వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఆ ఆదివారమే క్రేను వచ్చింది. మా పుస్తకాలు, పరుపులు, టేబుల్ ఫ్యాను నేల మీద ఉన్నాయి. ఆంటీ మమ్మల్ని రోడ్డున వదిలేయలేదు. ఆ సాయంత్రం అంకుల్‌తో గట్టిగా మాట్లాడి, డాబా మీద పావురాల దాణా పెట్టే గది ఖాళీ చేయించింది. (పరీక్ష అయ్యేదాకా పావురాలు మా పాఠాలన్నీ విన్నాయి.) అయితే అది అప్పటికింకా తెలియదు. బండి ముందు చక్రాలు పైకి లేస్తుంటే నేను పరిగెత్తుకెళ్లి ఫోటో భయ్యాకి చెప్పాను, "ఫ్యాను మూడో స్పీడులో ఎక్కువసేపు నడపకండి భయ్యా, మోటారు వేడెక్కుతుంది" అని. అతను "ఠీక్ హై" అని క్రేను కిటికీ అద్దం ఎత్తేశాడు.

నేను తిరిగి వచ్చాక ఆర్టికల్ అన్న పరుపు చుట్టి భుజాన వేసుకుంటూ అన్నాడు. "ఇంటర్వ్యూ దాకా పోతే జాగ్రత్త తమ్ముడూ. అడగని దానికి గూడ జవాబు చెప్తవ్ నువ్వు."

ఆ ప్రమాదం నాకు రాలేదు, ఇంటర్వ్యూ దాకా వెళ్లనే లేదు. అన్న వెళ్లాడు, గెలిచాడు. ఇప్పుడు వేరే రాష్ట్రంలో పెద్ద అధికారి. నేను చిన్న ఉద్యోగంతో ఢిల్లీలోనే ఉండిపోయాను. మా సెక్షన్‌లో ఏదైనా పాడైతే విప్పి చూడం, పై బల్లకి ఫైలు పంపుతాం. అది తిరిగి వచ్చేలోగా వేసవి అయిపోతుంది. ఎప్పుడైనా, సాయంత్రానికి తల దాచుకునే చోటు తెలియకుండానే ఇంకొకరి మోటారు వేడెక్కుతుందేమోనని క్రేను వెనక పరిగెత్తిన ఆ కుర్రాడు గుర్తొస్తాడు. వాడికి నేర్పాల్సినవి చాలా ఉన్నాయని ఒకప్పుడు అనుకునేవాణ్ణి. ఇప్పుడైతే, వాడు ఎదురుపడితే పక్కన కూర్చోబెట్టుకుని ఎర్త్ వైరు సంగతి మళ్లీ మొదట్నుంచి చెప్పమంటాను.